ముందరి యాసనము

ఆషాఢమాసమునందలి యొకానొక ప్రాతఃకాలమున ఉద్దానసీమ సాగరతీరమెల్ల నీలమేఘపటలావృతమై యుండెను. తూర్పున నుదయింపవలసిన భానుడు నారికేళవనముల వెనుక నెక్కడనో చిక్కువడి యెంతసేపటికిని గానరాక యుండగా సముద్రముమీదినుండి వీచు నుప్పుగాలి జీడితోటల యాకులను దడుపుచు తలుపుల యినుపగడియలను దినుచు ఆరవేసిన బట్టలను ఆరనీయక ఏడాది పొడవునను జేయు తన పనిని దాను జేసికొనుచుండెను. కొబ్బరిమట్టలనుండి జారు చినుకుల చప్పుడు తప్ప వేఱు చప్పుడు లేదు. పచ్చదనమునకు గొదువలేని యా సీమకు నీరే శత్రువని కొందఱును నేలయే శత్రువని కొందఱును జెప్పుదురు. కారణమేదైనను మూత్రపిండములు చెడి మనుష్యులు నడివయస్సుననే వాడిపోవుట మాత్రము అచ్చట ప్రతివీథిని గానవచ్చు సంగతి.

అట్టి సీమలోని తులసిపుట్టుగ గ్రామమున లోకనాథమను నలువదియైదేండ్ల బ్రహ్మచారి యొకడు గలడు. జబ్బుసోకిన యూరికి బిల్లనిచ్చువారు ముందునకు రాకపోవుటచే వాడట్లు మిగిలిపోయెనేగాని వైరాగ్యముచే గాదు. రెండెకరముల జీడితోటయు నొక తెల్లని పాతకారును వాని యాస్తి. గున్నమ్మ యను నక్క వాని బంధుకోటి యంతయు. ఆ సీమవారు అక్కను అప్ప యందురు. తల్లి పోయిననాడు లోకనాథమునకు మూడేండ్లు గున్నమ్మకు బదుమూడేండ్లు. ఆనాటినుండి వానికి దల దువ్వినదియు బలక పట్టించి బడికి బంపినదియు జ్వరము వచ్చినపుడు మంచముకడ గూర్చున్నదియు నామెయే. తనకు మాత్రము అక్షరము రాదు. అత్తవారింటికి బోయి యాఱేండ్లకే భర్తను గోల్పోయి యొక ట్రంకుపెట్టెతో మరలివచ్చిన దినమున నామె పెట్టె దింపి తమ్మునకు జేపలపులుసు వండిపెట్టి యేమియు జరుగనిదానివలె నా వంటయింటిలోనే నిలిచిపోయెను. అట్టి యామెకు గడచిన మూడేండ్లుగా మూత్రపిండములు పనిచేయుట మానినవి.

సోమ బుధ శుక్రవారములందు ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న పట్టణపు టాసుపత్రికి బోయి నాలుగుగంటలసేపు రక్తమును యంత్రముగుండ బోనిచ్చి శుద్ధిచేయించుకొనవలెను. దానిని డయాలసిస్ అందురు. ఒక పర్యాయము ఒకటి రెండుదినములు ఆలస్యమైనను ఓర్చుకొనవచ్చును గాని వరుసగా తప్పెనా యూపిరితిత్తులలో నీరు చేరి ప్రాణము మీదికి వచ్చును. పాసింజరు ఆటోలు అన్నిగంటలు కాచుకొని యుండవు. చికిత్స ముగిసిన దేహము బస్సులో నిలువజాలదు. గ్రామమున వేఱొక కారు లేదు. కావున లోకనాథము తన యప్పతోబాటు మఱి ముగ్గురు రోగులను గూడ నెక్కించుకొని పోవుచుండెను. వారిలో నొకతె నాలుగేండ్ల కూతురు గల హైమావతి. డిగ్రీ చదివినది. ఇరువదియాఱేండ్లకే యీ వ్యాధి సంక్రమించినది. రెండవవాడు జీడితోటల కావలివాడగు త్రినాథులను వృద్ధుడు. మూడవవాడు దుర్యోధన యను దర్జీ. ఆ ప్రాంతమున నట్టి పేరులు పెట్టుకొనుట కలదు. పేరునకు దుర్యోధనుడేకాని సూది పోయినను మఱియొకనిని నిందించి యెఱుగడు.

ఆ కారులో వెనుక ముగ్గురికిని డ్రైవరుప్రక్కన నొకరికిని మాత్రమే చోటు గలదు. సూదులు గ్రుచ్చుటకై నరములు కలిపి కుట్టిన హైమావతిచేతికి ఒత్తిడి తగులరాదు గనుక ఆమెను ముందర గూర్చుండబెట్టుట యందఱు నొప్పుకొన్న యేర్పాటు. గున్నమ్మ తమ్ముని వెనుకనే కూర్చుండి వాని మెడమీది చెమటను జూచి అద్దము దింపుమనియు ఆకలియైన టీ త్రాగుమనియు జెప్పుచుండెడిది. రోగులను గొనిపోవు బండియైనను అందు నవ్వులకు లోటులేదు. దుర్యోధన కుట్టిన జాకెట్టు చేతులు రెండును ఒకే కొలతకు వచ్చిన దినము పండుగ చేయవలెనని హైమావతి వేళాకోళమాడగా అందఱికంటె బెద్దగా దుర్యోధనయే నవ్వెడివాడు.

ఆ దినము బుధవారము. ఆసుపత్రినుండి వచ్చినపిదప తోటకు బోయిన లోకనాథము సాయంకాలము తిరిగివచ్చునప్పటికి అరుగుమీద గారుకంపెనీ ముద్రగల పొడవైన కవరొకటి పడియుండెను. దాని నోరంటించినచోట నొక యెండిన మెతుకు గానవచ్చెను. అంతటి కంపెనీకి జిగురు కఱవయ్యెనా యని వాడు నవ్వుకొని చింపెను. లోపల ఇంగ్లీషునందును దాని క్రింద తెలుగునందును ఒకే సంగతి యుండెను. ఆ రకపు కార్లలో ముందరి యెడమ యాసనమున కెదురుగా డాష్‌బోర్డులో మడచిపెట్టిన గాలిసంచి యొకటి కలదు. కారు గుద్దుకొన్నపుడు అది యుబ్బి మనుష్యుని గాపాడవలెను. దానిని నింపు నినుపడబ్బా సముద్రతీరపు తేమకు లోలోపల జెడుచున్నదనియు నల్పమైన గుద్దు తగిలినను బగిలి లోహపుతునుకలను ఎదుటనున్నవారి మెడకును రొమ్మునకును జిమ్మవచ్చుననియు కంపెనీయే దానిని ఉచితముగా మార్చి యిచ్చుననియు అంతవఱకు ఆ యాసనమున నెవ్వరిని గూర్చుండబెట్టరాదనియు వ్రాయబడియుండెను. డ్రైవరుప్రక్కది మాత్రమే చెడినదట. డ్రైవరున కేమియు భయము లేదట.

మఱునాడు గురువారము. జిల్లాకేంద్రమునందలి షోరూమునకు వాడు కారు దీసికొని పోయెను. అద్దపుగోడలును మెఱయునేలయు జల్లనిగాలియు గల యా మందిరమున గ్రొత్తకార్లు రిబ్బనులు గట్టుకొని పెండ్లిపీటలమీది వధువులవలె నిలిచియుండగా వానిని దాటి వెనుకనున్న సర్వీసుకౌంటరునకు బోవువారెల్లరు లోకనాథమువలెనే కాగితములు చేతబట్టుకొని తలలు వంచుకొని యుండిరి. కౌంటరున వినీత యను యువతి కంప్యూటరులో వాని బండి నంబరు కొట్టి చూచి మృదువుగా జెప్పెను.

“పార్ట్ ఇంకా రాలేదు సార్. మీ నంబరు లిస్టులో పెట్టాను. మీ వంతు రాగానే మేమే ఫోన్ చేస్తాం.”

“ఎన్నాళ్లవుతాదమ్మా?”

“చెప్పలేను సార్. మీకన్నా ముందు నలభై రెండు బళ్లున్నాయి. అంతవరకు ఆ సీట్లో ఎవర్నీ కూర్చోపెట్టకండి.”

“నా బండిలో నలుగురు డయాలసిస్ పేషెంట్లమ్మా. ఎనకాల ముగ్గురే పడతారు.”

వినీత మరల కంప్యూటరులో వెదకెను. ఆ యంత్రమున దీనికి సమాధానము వ్రాసియుండలేదు. తుదకు స్వరము తగ్గించి “కూర్చోపెట్టకండి సార్” అనియే మరల బలికెను. తిరుగుదారిలో లోకనాథము ఎఱిగిన మెకానిక్కునొద్ద నాగి డబ్బా నూడదీయుమని వేడుకొనెను. చేతిలోనే పేలునేమో యని వాడు దానిని ముట్టుటకు సైతము నిరాకరించెను.

సత్యము జెప్పిన నేమగునో లోకనాథము ఆ దారిపొడవునను లెక్కవేసి చూచుకొనెను. ముందరి యాసనమున మృత్యువు దాగియున్నదని తెలిసిన క్షణముననే నలుగురిలో నొకరు తాము రామని దిగిపోవుదురు. త్రినాథులు తనకు వయస్సు మీఱినదనును. దుర్యోధన తనకు బిల్లలు లేరనును. అప్ప యేమనునో చెప్పనే యక్కఱలేదు. దిగిపోయినవారు పట్టుమని పదునైదు దినములు బ్రదుకరు. చెప్పనియెడల నొకరు చావవచ్చును. చెప్పినయెడల నొకరు చచ్చుట నిశ్చయము. ఇట్లు తలపోసి వాడు ఉత్తరమును జీడిపిక్కల గోనెసంచి యడుగున దాచి నోరు కట్టుకొనెను. తన మౌనమును వాడు దయ యనుకొనెను. అందు గొంత భయమును గలదని వానికి నాడు తోపలేదు.

శుక్రవారమునాడు వాడొక యుపాయము పన్నెను. ముందరి యాసనముమీద గొబ్బరికాయల బుట్ట యొకటి యెక్కించి త్రాటితో గట్టి పట్టణమున నొకరి కప్పగింపవలెనని చెప్పి నలుగురిని వెనుకనే యిఱికించెను. నాలుగు కిలోమీటర్లు పోవునప్పటికి హైమావతిచేయి నలిగి సూదులగంటినుండి నెత్తురు చెమ్మగిల్లెను. ఆమె పెదవి కఱచుకొని యూరకుండెను గాని గున్నమ్మ చూచెను. రైల్వేగేటు వేసియుండుటచే బండి నిలువగానే యామె దిగి ముందరితలుపు తీసి త్రాడు విప్పనారంభించెను.

“ఈ బుట్టకి సీటెందుకురా? డిక్కీలో పెట్టు.”

“వొద్దప్పా! ముందర వొద్దు.”

“ఏం?”

అప్పుడు హైమావతి తన పూర్వస్థానమునకు రాబోగా గున్నమ్మ చేయి యడ్డముపెట్టెను. “పిల్లా, నువ్వెనకాల కిటికీ కాడ కూకో. నాకెనకాల తిప్పుతున్నాది. ముందర నాను కూకుంటాను.” ఇట్లని యామె యా యాసనమున గూర్చుండి కొంగు సవరించుకొని బెల్టు బిగించుకొనెను. మూడేండ్లలో నొక్కనాడైన నామెకు వెనుక గూర్చున్నందున దల తిరిగియుండలేదు. ఆ సంగతి లోకనాథమునకు స్ఫురింపవలసినదే. భయపడినవానికి దన భయము తప్ప వేఱేమియు గనబడదు గాబోలు. వాడు గేటు తెఱచునంతవఱకు ముందరి పట్టాల వంక జూచుచు గూర్చుండెను.

నాటినుండి ఆ యాసనము గున్నమ్మదయ్యెను. ఎవ్వ రెంత జెప్పినను విడువదు. తన్ను బెంచిన చేతులు ఆ చెడిన డబ్బాకు మూరెడు దూరమున నొడిలో ముడుచుకొని యుండుట చూచుచు లోకనాథము బండి నడపుచుండెను. గంటకు ముప్పది కిలోమీటర్ల వేగము మించడు. లారీ వెనుకనుండి హారను మ్రోగించిన దారి యిచ్చును. ఎద్దుబండి దాటి పోయినను రోషపడడు. ఇది బండియా ఊరేగింపా యని దుర్యోధన నవ్వుచు నడిగిననాడు వాడు వేగము నింకను దగ్గించెను. మఱియొకనాడు హైవేమీద గేదె యొకటి హఠాత్తుగా నడ్డము రాగా బ్రేకు త్రొక్కుటతోడనే వాని యెడమచేయి తనంతట దానే చాచుకొని గున్నమ్మ రొమ్మున కడ్డముగా నిలిచెను. బండి గేదెకు జానెడు దూరమున నాగెను. గేదె తలయైన ద్రిప్పక పోయెను. గున్నమ్మ యా చేతివంక జాలసేపు చూచి దానిని మెల్లగా దొలగించెను.

“చెయ్యి స్టీరింగు మీదెట్రా. చేత్తో ఏటాపుతావు?”

ఆ మాటలోని యర్థమునుగూడ వాడు గ్రహింపలేదు.

ప్రతిదినము షోరూమునకు ఫోను చేయును. ఎత్తుటకు ముందు సంగీతము వినిపించును. మీ పిలుపు మాకెంతయో విలువైనదని యొక కంఠము తెలుగునందును హిందీయందును జెప్పును. తరువాత వినీత పలుకును. ఓడ రేవునకు వచ్చినదనును. రేవునుండి గిడ్డంగికి రావలెననును. గిడ్డంగినుండి వచ్చినవి పెద్దనగరములకు బోయినవనును. నలువదిరెండు ముప్పదియొకటి యయ్యెను. ముప్పదియొకటి పందొమ్మిది యయ్యెను. సముద్రపుటొడ్డున నుండి చెడినవారికంటె సముద్రమెన్నడు చూడని నగరవాసులకు డబ్బాలు ముందుగా జేరుట యెట్టి న్యాయమో యా సంగీతము చెప్పలేదు.

శ్రావణమున నొక సోమవారము లోకనాథము మనస్సు నీచమార్గమున బోయెను. దానిని మఱుగుపఱచుట కథకుని ధర్మము గాదు. గతరాత్రి నిదురలేక వాడు లెక్కించినది యిది. హైమావతికి బసిబిడ్డ కలదు. దుర్యోధనకు భార్య కలదు. అప్ప తన యప్ప. త్రినాథులకు డెబ్బదిరెండేండ్లు నిండినవి. ముందువెనుక లెవ్వరును లేరు. వేకువనే బండి వాకిట నిలిపి వాడు వృద్ధుని ముఖము చూడకయే పలికెను.

“తాతా, ఈయేల నువ్వు ముందర కూకో.”

త్రినాథులు కఱ్ఱ యూది నిలిచి వాని వంక నొక్కక్షణము చూచెను. ఏమని యడుగలేదు. అట్లేయని తలయూపి ముందరితలుపు పిడిమీద జేయివేసెను. అంతలో గున్నమ్మ వచ్చి వృద్ధుని భుజము పట్టి వెనుకకు దిరిగించి “ముందర ఎండ కొడతాది తాతా, నీకు పడదు” అని తానెక్కి కూర్చుండెను. ఆకసమంతయు మబ్బుపట్టి యుండెను. ఎండ యెక్కడనున్నదని యెవ్వరును నడుగలేదు. లోకనాథము మాత్రము సిగ్గుచే వెనుకచూచు నద్దమును పైకి ద్రిప్పి బండి నడపెను.

భాద్రపదమాసమున నొక మంగళవారము సాయంకాలము గున్నమ్మ యరుగుమీద ములగాకు దూయుచుండగా లోకనాథమునకు ఫోను వచ్చెను. డబ్బా వచ్చినదట. బుధవారముదయము పదిగంటలలోపల బండి తేవలెనట. తేనియెడల నియమము ప్రకారము అది వెనుకనున్న వానికి బోవునట. రేపు డయాలసిస్ దినమనియు గురువారము తెత్తుననియు వాడు పెరటిలోనికి బోయి చిన్నగొంతుతో బతిమాలుకొనెను. తన చేతిలో నేమియు లేదని వినీత నొచ్చుకొనుచు జెప్పెను. ఆసుపత్రివారి నడిగిన నలుగురి వంతును గురువారమునకు మార్చియే యుందురు. కాని మార్చుట కేమి కారణము జెప్పవలెను? బండి యెందులకు బోవుచున్నదని చెప్పవలెను? ఇన్నినాళ్లు దాచినవాడు ఇపుడెట్లు నోరు తెఱచును? వాడు తిరిగి వచ్చి యరుగుచివర గూర్చుండెను.

“ఫోనెవర్రా?”

“ఎవురూ కాదప్పా. జీడిపిక్కల బేరగాడు.”

గున్నమ్మ చేతిలోని రెమ్మను దూయుట యాపెను. “రేపు పనుంటే ఎల్లు. మాకొక్కరోజు అటూ ఇటూ అయితే ఏటవుతాది?”

“పనేటీ నేదప్పా.”

ఆమె తమ్ముని ముఖమును జాలసేపు చూచెను. పిదప చేటయందలి యాకును దీసికొని వంటయింటిలోనికి బోయెను. లోకనాథము బుధవారమునాడు ఎప్పటివలె నలుగురిని ఆసుపత్రికి గొనిపోయెను. పదిగంటలు దాటిన తరువాత ఆ డబ్బా వేఱొకని కారున కెక్కెను. వాని నంబరు మరల వరుస తుదకు బోయెను.

ఆశ్వయుజము గడచెను. గున్నమ్మ కాళ్లు వాచెను. మెట్టు దిగునపుడు తమ్ముని భుజము పట్టుకొనుట యలవాటయ్యెను. అయినను ముందరి యాసనము విడువలేదు. కార్తికమున నొక శుక్రవారము ఆసుపత్రి వరండాలో నిలిచి లోకనాథము షోరూమువారి సంగీతమును వినుచుండగా నర్సు పరుగున వచ్చి వాని చేయి పట్టుకొని లోనికి లాగెను. యంత్రము తిరుగుచునే యున్నది. గున్నమ్మ గుండె యాగిపోయినది. వైద్యులు రొమ్ము నొక్కిరి. సూదులు వేసిరి. హైమావతి ప్రక్కమంచముమీద దన చేతిలోని గొట్టములవలన లేవజాలక అత్తా అత్తా యని యేడ్చుచుండెను. నేలబడిన ఫోనులోనుండి మీ పిలుపు మాకెంతయో విలువైనదని యా కంఠము మరల మరల జెప్పుచుండెను.

శవమును ఆ కారులోనే యింటికి దెచ్చిరి. వెనుక పరుండబెట్టిరి. మిగిలిన ముగ్గురికి ఆసుపత్రివారు వేఱొక బండి కుదిర్చిరి. నాలుగుమాసములలో ముందరి యాసనము ఖాళీగా నున్న ప్రయాణ మదొక్కటియే. ఏ డబ్బాకు వెఱచి లోకనాథము అన్నినాళ్లు నిదుర మానెనో అది యామె నేమియు జేయలేదు. వ్యాధియే తన పని తాను ముగించుకొనిపోయెను.

పండ్రెండవదినపు కర్మము ముగిసిన వారమునకు షోరూమునుండి పిలుపు వచ్చెను. లోకనాథము పోవలదనుకొనెను. మిగిలిన ముగ్గురి మాట తలచి పోయెను. మార్గశిరపు మంచు అద్దపుగోడలమీద జెమటవలె గారుచుండెను. ఇన్నినాళ్ల నిరీక్షణకు బని పట్టినది గంటకు దక్కువ. పనివాడు తీసిన పాతడబ్బాను జూడవలెనని లోకనాథ మడిగి చేతబట్టుకొనెను. అది తాంబూలమునకు వాడు సున్నపుకాయకంటె గొంచెము పెద్దది. బరువైనను లేదు. దీనికొఱకా యని వాడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి మరల పనివానికే యిచ్చివేసెను. సంతకము పెట్టుటకు గౌంటరుకడకు రాగా వినీత నవ్వుముఖముతో నడిగెను.

“గున్నమ్మగారు ఎలా ఉన్నారు సార్? ఈమధ్య శుక్రవారాలు ఫోన్ రావడం లేదు.”

లోకనాథము కలమును క్రింద బెట్టెను.

“మా అప్ప మీకెలగ తెలుసమ్మా?”

“ఆషాఢం నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవారు సార్. మా తమ్ముడి బండికి సామాను వొచ్చిందామ్మా అని అడిగేవారు. నానడిగినట్టు వాడితో చెప్పకు అని ప్రతిసారీ చెప్పేవారు. ఆ బుధవారం మీరు రాలేదు చూడండి, డబ్బా వేరేవాళ్లకి ఇచ్చేశామని చెప్తే, మావోడు మంచోడేనమ్మా, నోరే నేదు అన్నారు.”

అప్ప యిక లేదని వాడు చెప్పవలసి వచ్చెను. వెలుపలికి వచ్చి బండిలో గూర్చున్న తరువాత గాని లోకనాథమునకు ఆ యెండిన మెతుకు జ్ఞాపకము రాలేదు. కంపెనీకి జిగురు కఱవు కాలేదు. కవరును అంతకుముందే యొకరు తెఱచి చదివించుకొని అన్నపుమెతుకుతో నంటించి యథాస్థానమున నుంచిరి. వెనుక దల తిరుగుచున్నదనుటయు మబ్బులో నెండ గొట్టుననుటయు చేతితో నేమి యాపెదవనుటయు రేపు పనియున్న బొమ్మనుటయు నొక్కటొక్కటిగా వచ్చి వాని యెదుట నిలిచెను. ఆమె చావును ఆ డబ్బా తేలేదు. కాని యరుగుమీద నిరువురును నెదురెదురుగా గూర్చుండి యొకే రహస్యము నొకరినుండి యొకరు దాచుకొనిన యా సాయంకాలమున నే యొక్కరు నోరు విప్పినను ఆమె తన కడపటి రెండుమాసములును నిర్భయముగా గూర్చుండి పోయియుండెడిది. లోకనాథము స్టీరింగుమీద దల పెట్టుకొని బిగ్గరగా నేడ్చెను. రిబ్బను గట్టిన కారుతో ఫోటో తీయించుకొనుచున్న యొక కుటుంబమువారు తిరిగి చూచిరి.

మఱుసటి సోమవారము వేకువను ముగ్గురును బండికడకు వచ్చి యలవాటు చొప్పున వెనుకనే సర్దుకొనబోయిరి. లోకనాథము తలుపుకడ నిలిచి పలికెను.

“ఇంక ముందర ఎవురైనా కూకోవొచ్చు. డబ్బా మార్చీసినారు.”

ఏ డబ్బా యని యెవ్వరు నడుగలేదు. దుర్యోధన తల వంచుకొనెను. హైమావతి కొంగు నోటికి నడ్డము పెట్టుకొని వెక్కుచు జెప్పెను.

“ఉత్తరం నానే చదివినాను బాబాయ్. అత్తే మెతుకెట్టి అంటించీసింది. మాకూ తెలుసని నీకు తెలిస్తే నువ్వు బండి తియ్యవని ఒట్టేయించుకున్నాది. షోరూముకి అత్త ఫోను చేసింది కూడా నా ఫోన్లోంచే.”

లోకనాథము మెల్లగా త్రినాథులవైపు తిరిగెను. అడుగవలసిన ప్రశ్న యొకటి వానికి గలదు. వృద్ధుడు దానికొఱకు గాచుకొనకయే చెప్పెను.

“సావనంలో ఓరోజు నన్ను ముందర కూకోమన్నావు. అప్పుడూ నాకు తెలుసు బాబూ. నాను కూకుందును. గున్నమ్మే కూకోనియ్యనేదు. నీ మీద నాకు కోపం నేదు.” అని కఱ్ఱను చేయి మార్చుకొని “గాని, అడిగి కూకోబెట్టుంటే బాగుండును” అనెను.

లోకనాథము తల యెత్తలేకపోయెను. క్షమించితిననుమాట వినవచ్చినను దానిని బుచ్చుకొను చేతులు వానికి లేకపోయెను. త్రినాథులు కఱ్ఱను వెనుక నున్నవారి కందిచ్చి ముందరితలుపు తానే తెఱచి వణకుకాళ్లతో నెక్కి కూర్చుండెను.

“పద బాబూ. ఆలీసమవుతాది.”

బండి కదలెను. మంచులో గొబ్బరిచెట్ల మొదళ్లు మాత్రమే కనబడుచుండెను. రైల్వేగేటు చేరువనున్న గతుకుకడ బ్రేకు త్రొక్కగా లోకనాథము ఎడమచేయి తనంతట దానే చాచుకొని వృద్ధుని రొమ్మున కడ్డముగా నిలిచెను. ఆ యాసనమున నిపు డేభయమును లేదు. అయినను ఆ చేయి వెనుకకు రాలేదు. త్రినాథులు దానిని తన రెండుచేతులతో బట్టుకొని కొంతసేపు ఒడిలో నుంచుకొని పిమ్మట స్టీరింగుమీద బెట్టెను.